వెల్లకిలా పడిన సాలీడును కదపకండి

సందేహం: రెండేళ్ల క్రితం ఒక్క టరాంటులా సాలీడుతో మొదలుపెట్టాను. ఇప్పుడు పద్నాలుగయ్యాయి. రెండు చెట్లెక్కే ఆసియా రకం, మిగతావన్నీ అమెరికా ఖండాల రకాలు. అన్నిటికన్నా పెద్దది రెండు నెలలుగా మేత ముట్టలేదు. నాలుగు రోజుల క్రితం వెల్లకిలా పడి ఉంటే చచ్చిపోయిందనుకుని పుల్లతో కదిపాను, కాళ్లు ఆడించింది. మర్నాటికి లేచి కూర్చుంది. పక్కన ఎండిన తోలులాంటిది ఉంటే తీసి పారేశాను. ఇప్పుడు చిమ్మెట వేస్తే అదే భయపడి పారిపోతోంది. ఇంకో సంగతి, ఫొటోలు తీసిన ప్రతిసారీ ముంజేతులు దురద పెడుతున్నాయి. ఫొటోల్లో కూడా అద్దం మీద ఫ్లాష్ మెరుపు తప్ప ఏమీ రావడం లేదు. ఏం చేయమంటారు?

సలహా: మీ సాలీడుకు జబ్బేమీ లేదండీ, కుబుసం విడిచింది. పట్టుపురుగులు పెంచేవాళ్లు ఈ దశను ‘జ్వరం’ అంటారు. జ్వరానికి కూర్చున్న పురుగుకు ఆకు వేయరు, పడక కదపరు. టరాంటులాకూ అదే పద్ధతి. కుబుసానికి ముందు వారాల తరబడి, పెద్దవైతే నెలల తరబడి మేత మానేస్తాయి. అమెరికా రకాల్లో పొట్ట మీద నూగు రాలి బోడిగా ఉన్న చోటు నల్లబడుతుంది. ఆ తర్వాత పట్టుతో చాప అల్లుకుని, దాని మీద వెల్లకిలా తిరిగి, కొన్ని గంటలపాటు పాత తోలులోంచి ఒక్కో కాలూ లాక్కుంటుంది. మీరు పుల్లతో కదిపింది ఆ సమయంలోనే. అప్పుడు ఒళ్లంతా మెత్తగా ఉంటుంది. కాలు తోలులో ఇరుక్కుపోయినా, ఎక్కడైనా చిరిగి రక్తం కారినా బతకడం కష్టం. ఈసారికి గండం గడిచింది.

చచ్చిపోయే సాలీడు సాధారణంగా వెల్లకిలా పడదు. బోర్లా ఉండి కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకుంటుంది. కాళ్లు చాపడానికి దానికి కండ బలం ఒక్కటే చాలదు, ఒంట్లోని ద్రవం ఒత్తిడి కావాలి. నీరు తగ్గితే ఆ ఒత్తిడి పడిపోయి కాళ్లు ముడుచుకుపోతాయి. అలా కనిపిస్తే లోతులేని నీటి మూకుడు అంచున, నోరు నీటికి తగిలేలా పెట్టండి. కొన్ని తేరుకుంటాయి.

ఇప్పుడు మేత వేయకండి. వేసిన చిమ్మెటను ఇవాళే తీసేయండి, మెత్తటి ఒంటిని అదే కొరికేయగలదు. కొత్త కోరలు మొదట తెల్లగా ఉండి, ఎర్రబడి, చివరికి నల్లబడతాయి. నల్లబడేదాకా ఆగాలి. పెద్దవాటికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, పిల్లలకు కొద్ది రోజులు చాలు. ఈలోగా మూకుడులో మంచినీళ్లు ఉంటే సరిపోతుంది.

మీరు పారేసిన ఆ తోలుందే, దాని గురించి చదివి నిజంగా బాధేసింది. కెమెరా చేతికొచ్చిన ప్రతివాళ్లూ బతికున్న సాలీడు వెంట పడతారు గానీ, ముందు ఫొటో తీయాల్సింది తోలునే. అది కదలదు, కరవదు, ఎంతసేపైనా నిలబడుతుంది. సబ్బు చుక్క కలిపిన నీళ్లలో నానబెట్టి మెల్లగా విప్పి, పొట్ట భాగం లోపలి వైపు ముందు జత పుస్తక ఊపిరితిత్తుల (పుస్తకం పుటల్లా పొరలుగా ఉండే శ్వాసావయవాల) మధ్య దగ్గరగా తీయండి. ఆడదైతే అక్కడ వీర్యాన్ని దాచుకునే సంచి కనిపిస్తుంది. ఆడో మగో తెలిస్తే మీ లెక్కే మారిపోతుంది. చాలా రకాల్లో ఆడవి 15-20 ఏళ్లు బతుకుతాయి. మగవి చివరి కుబుసం తర్వాత మేత తగ్గించి, పెట్టెలో అటూ ఇటూ తిరిగి, చాలావరకు ఏడాదిలోపే పోతాయి. చివరి కుబుసం విడిచిన మగదాని ముఖం పక్కనున్న పొట్టి కాళ్ల కొసలు ఉబ్బి ఉంటాయి, చాలా రకాల్లో ముందుకాళ్లకు కొక్కేలు కూడా వస్తాయి. అలాంటిది తినడం లేదని టెన్షన్ పడి లాభం లేదు.

దురద సంగతి. అమెరికా ఖండాల రకాల్లో ఎక్కువవాటికి పొట్ట మీద ముళ్ల నూగు ఉంటుంది. బెదిరితే వెనక కాళ్లతో గీకి గాల్లోకి చిమ్ముతాయి. మీరు లెన్స్ పట్టుకుని మొహం ఆనించినప్పుడు జరుగుతున్నది అదే. చర్మానికైతే అంటుకునే టేపు వేసి లాగి, కడుక్కుంటే సరి. కంట్లో పడితే అలా కాదు. 2009లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఒక యువకుడు సాలీడు తొట్టి శుభ్రం చేస్తుంటే ఈ నూగు కంట్లో పడి, సన్నటి వెంట్రుకలు కార్నియాలో గుచ్చుకున్నాయి. కాబట్టి కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. కన్ను మాత్రం నలపకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆ రెండు ఆసియా రకాలకు ఈ నూగు ఉండదు. దానికి బదులు వేగం, కాటు ఉంటాయి. అవి పోసిలోథీరియా జాతివైతే కాటు తర్వాత కండరాలు పట్టేయడం రోజుల తరబడి ఉండొచ్చు. వాటిని చేతిలోకి తీసుకునే మాటే వద్దు. పెంపకందార్ల ముచ్చటైన నీలి సాలీడు పోసిలోథీరియా మెటాలికా ఈ జాతిదే. 1899లో గుత్తిలో దొరికినదాన్ని బట్టి దానికి పేరు పెట్టారు. అడవిలో అది అంతరించే అంచున ఉంది, 2019 నుంచి ఈ జాతి మొత్తం సైటీస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో జాబితాలో ఉంది. మీ వాటికి పెంపకంలో పుట్టినవేనన్న కాగితాలు ఉన్నాయో లేదో చూసుకోండి. అడవిలో పట్టి తెచ్చినవాటి జోలికి పోవద్దు.

ఫొటోకి వద్దాం. మెరుపు రావడానికి కారణం ఫ్లాష్ కెమెరా మీదే ఉండటం. దాన్ని విడదీసి పైనుంచి, జాలీ మూత మీదుగా, ట్రేసింగ్ పేపరు అడ్డంపెట్టి కొట్టండి. లెన్స్ హుడ్‌ను అద్దానికి నిటారుగా ఆనించండి. 90-105 ఎంఎం మాక్రో లెన్స్ అయితే కాస్త దూరం నుంచే తీయొచ్చు, నూగు బెడద తగ్గుతుంది. అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/11 దగ్గర మొదలుపెట్టి, తల మీద చిన్న గుట్టలా ఉండే ఎనిమిది కళ్ల మీద ఫోకస్ పెట్టండి. ఒకటి రెండు మెరుపులకు చాలావాటికి పట్టింపు ఉండదు. వాటికి చూపు అంతంతమాత్రమే, తెలిసేదంతా ఒంటి వెంట్రుకల ద్వారానే. ట్రైపాడ్ ఠక్కున తగలడం, మన ఊపిరి తగలడం మాత్రం వెంటనే తెలిసిపోతాయి. ఊది కదిలించేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. రంగులు బాగుండేది కొత్త తోలు గట్టిపడ్డాక. అంటే మీ పెద్దదాన్ని రెండు వారాలాగి తీయండి.

పెట్టెలోంచి బయటికి తీయక తప్పకపోతే నేల మీదే పెట్టండి, మూతపెట్టడానికి పారదర్శకమైన డబ్బా చేతికందేలా ఉంచుకోండి. అడుగు ఎత్తు నుంచి పడ్డా బరువైన సాలీడు పొట్ట పగలొచ్చు. ఈ కారణంగానే నేల రకాల పెట్టెలో మట్టి పైనుంచి మూత దాకా ఎత్తు, కాళ్లు చాపితే ఉండే వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. అడుగున హీట్ మ్యాట్ ఉంటే తీసేయండి, వేడెక్కితే ఇవి కిందికే తవ్వుకుపోతాయి. గాలి ఆడాలి, తడి చిత్తడిగా ఉండకూడదు.

పద్నాలుగు పెట్టెలు జ్ఞాపకం మీద నడవవు. ప్రతి పెట్టెకూ శాస్త్రీయ నామం, చివరి మేత తేదీ, కుబుసం తేదీ రాసిన చీటీ అంటించండి. తోలు విప్పిన ప్రతిసారీ గ్రాఫ్ పేపరు మీద పెట్టి ఒక ఫొటో తీసి, తేదీ పేరుతో దాచండి. పెద్దదాని తోలు చెత్తబుట్టలో ఇంకా ఉంటే వెతికి తీయండి, నలిగినా నానబెడితే విప్పుకుంటుంది.