తాళం వేయకూడని పెట్టె

శ్రీకాకుళం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ నడక సంఘం తరఫున విజయనగరం అయోధ్య మైదానం దగ్గర డీఫిబ్రిలేటరు, అంటే ఆగిన గుండెకు షాకు ఇచ్చే యంత్రం, పెట్టించాలనుకుంటున్నారనీ, అది వాడాక మనిషి పోతే కేసు మెడకు చుట్టుకుంటుందేమోనని కొందరు వెనుకాడుతున్నారనీ రాశావు. నల్లకోటు వేసుకుని బతికినవాణ్ణి కనుక నాకు తెలిసింది చెబుతాను.

మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షను సాయం చేసినవారికి సివిల్, క్రిమినల్ చర్యల నుంచి రక్షణ ఇస్తున్న మాట నిజమే గాని, అది వాహన ప్రమాద బాధితుల విషయానికే పరిమితం. నడుస్తూ గుండె ఆగి కూలిపోయినవారి సంగతి దాని కిందకు రాదు. అక్కడ మీకు అండ భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షను, అంటే పాత శిక్షాస్మృతిలోని 92. సమ్మతి తెలిపే స్థితిలో లేని మనిషికి, అనుమతి ఇవ్వగల సంరక్షకుడు సమయానికి అందనప్పుడు, మేలు కోరి సద్భావంతో చేసిన పని నేరం కాదని దాని సారం. అయితే తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసినదేదీ సద్భావంతో చేసినట్టు కాదని అదే చట్టం అంటుంది. పైగా అది నేరచట్టం కనుక నష్టపరిహారపు దావాను ఆపలేదు.

అమెరికాలో 2000లో వచ్చిన చట్టం పరికరం సమకూర్చినవారికీ రక్షణ ఇచ్చింది గాని, దాన్ని సరిగా నిర్వహించకపోవడం వల్లనో, ఎక్కడుందో స్థానిక అత్యవసర సేవలకు తెలపకపోవడం వల్లనో హాని జరిగితే ఆ రక్షణ దక్కదంది. మన దగ్గర ఆ షరతులు లేకపోయినా మీరు పాటించండి. రోగి ఛాతీకి అంటించే ప్యాడ్లకూ బ్యాటరీకీ గడువు తేదీలుంటాయి. నెలనెలా చూసి, చూసినవారి చేత రిజిస్టరులో సంతకం పెట్టించు.

ఒక కల్యాణమండపంలో ఇలాంటి పెట్టెను బీరువాలో పెట్టి, తాళంచెవి ఊళ్లో లేని మేనేజరు దగ్గర ఉంచడం చూశాను. ఖరీదైన వస్తువనగానే మనవాళ్లకు తాళమే గుర్తొస్తుంది. ఛాతీ నొక్కేవారు లేకపోతే, షాకు ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. దొంగల భయముంటే తలుపు తీయగానే అలారం మోగే పెట్టెను కొనండి.

షాకు అవసరమా కాదా అన్నది యంత్రమే గుండె లయను చూసి తేలుస్తుందనీ, అవసరం లేనప్పుడు ఇవ్వదనీ భయపడేవారికి చెప్పు. ఒకరు 108కి ఫోను చేస్తూ, మరొకరు నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కుతూ ఉండగా, ఇంకొకరు రోగి ఛాతీ మీది చెమట తుడిచి ప్యాడ్లు అంటించాలి. షాకు వేళ రోగిని ఎవరూ తాకరాదు. ఇది పదిమందికైనా చేతికి అలవాటు కావాలి.

సిరిమానోత్సవానికి ముందే ఈ పని పూర్తిచేయండి. ఆ జనంలోంచి అంబులెన్సు రావడం ఎంత కష్టమో నీకు తెలుసు.

ఇట్లు,
మీ మామయ్య