గంజాయి మానాడు, ఇప్పుడు జిమ్ వదలడం లేదు

ప్రశ్న: మా అబ్బాయికి 21 ఏళ్లు. ఇంజినీరింగ్ హాస్టల్లో గంజాయికి అలవాటు పడ్డాడు. డీఅడిక్షన్ సెంటర్ నుంచి వచ్చి రెండు నెలలవుతోంది. ఇప్పుడు పొద్దునా సాయంత్రం జిమ్మే లోకం. ‘జిమ్ ఉండగా మందులెందుకు’ అని టాబ్లెట్లు పక్కన పడేశాడు. ప్రొటీన్ పౌడర్‌కి డబ్బులడిగితే వాళ్ల నాన్నగారు ‘ఆ డబ్బు ఎటు పోతుందో ఎవరికి తెలుసు’ అంటున్నారు. రోజూ గొడవే. ఇది ఇంకో వ్యసనమా?
– ఓ తల్లి, రాజమండ్రి

జవాబు: అమ్మా, ముందు టాబ్లెట్ల సంగతి. గంజాయి మాన్పించడానికంటూ ప్రత్యేకమైన మాత్ర లేదు. మీవాడికి రాసినవి బహుశా నిద్రకో, ఆందోళనకో, డిప్రెషన్‌కో అయ్యుంటాయి. వాటిలో కొన్నిటిని ఉన్నపళంగా ఆపితే నిద్ర పాడవుతుంది, చీటికీమాటికీ విసుక్కుంటాడు. అది చూసి ‘మళ్లీ మొదలెట్టాడా’ అని మీరు అనుమానిస్తారు, అక్కణ్నుంచి గొడవ. ఈ వారమే రాసిచ్చిన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. తగ్గించాలా, ఆపాలా అన్నది ఆయన చెప్పాలి, జిమ్ ట్రైనర్ కాదు.

ఇక జిమ్. అతను చెప్పేదాంట్లో సగం నిజముంది. మెదడులో గంజాయి పనిచేసే చోటే పనిచేసే రసాయనాలు మన ఒంట్లోనే తయారవుతాయి. చెమట పట్టేలా కాసేపు పరిగెడితే అవి రక్తంలో పెరుగుతాయి. అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్లు బాగా గంజాయి తాగే 12 మందిని ట్రెడ్‌మిల్ మీద 30 నిమిషాల చొప్పున పదిసార్లు నడిపించి చూశారు. ఆ రోజుల్లో తాగడం, తాగాలన్న యావ రెండూ సగానికి పైగా తగ్గాయని 2011లో రాశారు. పన్నెండు మందంటే చిన్న ప్రయోగమే. అందుకే వ్యాయామం చికిత్సకు తోడు అంటాను గానీ, చికిత్స ఇదేనని మాత్రం అనను.

ఒక్కటి అడగండి, నిలదీసినట్టు కాకుండా: హాస్టల్లో ఏ వేళకి అందరూ పోగయ్యేవాళ్లు? ఎక్కువమంది సాయంత్రం ఆరూ ఏడూ అంటారు. ఆ టైమ్‌కే మనసు లాగుతుంది, ఫోన్ చేతిలోకి వస్తుంది. జిమ్ ఆ గంటలోనే ఉండాలి. పొద్దుటి విడత మానేసి చదువుకో, నిద్రకో వదలమనండి. వారానికో రోజు సెలవు. ఒళ్లు నొప్పులున్నా ఆగకపోవడం, ఒక్కరోజు తప్పితే ఇల్లు పీకి పందిరేయడం, కాలేజీ ఎగ్గొట్టడం కనిపిస్తే అప్పుడు వ్యసనం గురించి ఆలోచిద్దాం.

పౌడర్ డబ్బు విషయంలో మీవారి భయం న్యాయమైనదే, చెప్పే తీరే బాలేదు. జిమ్ ఫీజు మీరే కట్టండి. రెండు గుడ్లు, పప్పు, పెరుగు ఉన్న ఇంట్లో డబ్బా పౌడర్ తప్పనిసరేం కాదు. కావాలంటే మీరే కొనివ్వండి. జిమ్‌కి ముందు తాగే ‘ప్రీ వర్కవుట్’ పొడులు మాత్రం వద్దు. చాలావాటిలో కెఫీన్ దండిగా ఉంటుంది, అసలే పట్టని నిద్ర ఇంకా పోతుంది. కండల కోసం ఇంజెక్షన్లు ఇస్తామనే వాళ్లుంటే ఆ జిమ్మే మార్చండి.

వాళ్ల నాన్నగారిని జేబులు తడమడం ఆపి, ఆదివారం పొద్దున గోదావరి గట్టు మీద అతనితో కలిసి నడవమనండి. పాత విషయాలు ఎత్తకూడదు. క్రికెట్ గురించి మాట్లాడుకున్నా చాలు.

ఒకవేళ మళ్లీ తాగాడని తెలిస్తే జిమ్ మాన్పించకండి, శిక్షగా అసలే వద్దు. ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి. వెంటనే ఎవరూ దొరక్కపోతే 14446కి ఫోన్ చేయండి, అది మత్తు బాధితుల కోసం ఉన్న జాతీయ ఉచిత నంబర్. మీకే నిద్ర పట్టక, టెన్షన్ తట్టుకోలేకపోతే మానసిక సమస్యల కోసం ఉన్న ప్రభుత్వ ఉచిత నంబర్ 14416 ఉంది.