షార్ట్‌కట్లుగా మారిన పెన్‌డ్రైవ్ ఫోల్డర్లు: ఫైళ్లు ఎక్కడికీ పోలేదు

పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయాయా? టెన్షన్ పడకండి. ఫార్మాట్ మాత్రం చేయకండి! ఇది వర్మ్ అనే హానికర ప్రోగ్రామ్ పని. వైరస్ వేరే ఫైలుకు అతుక్కుని ఉంటుంది, ఆ ఫైలు తెరిస్తేనే పనిచేస్తుంది. వర్మ్ తన కాపీలు తానే చేసుకుంటూ పాకుతుంది. మీ ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ గుర్తులు తగిలించి దాచేసి, అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనకాల వర్మూ నడుస్తుంది. అందుకే చాలామందికి అనుమానమే రాదు.

ముందు విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్, మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌తో (పాత పేరు విండోస్ డిఫెండర్) కంప్యూటర్‌ను ఫుల్ స్కాన్ చేయండి, లేకపోతే మళ్లీ అంటుకుంటుంది. తర్వాత పెన్‌డ్రైవ్ స్కాన్ చేసి, ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైళ్లు చూపించమని పెట్టి, 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' పక్కన టిక్ తీసేయండి. మీ ఫోల్డర్లు మసకగా కనిపిస్తాయి. లోపలి ఫైళ్లను కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, షార్ట్‌కట్లు డిలీట్ చేయండి.