పోస్టు పెడితే కేసవుతుందా? పాఠకుల న్యాయ సందేహాలు

ప్రశ్న: గంగ జాతరలో వేషాలు కట్టినవాళ్లు తిట్టే బూతుల మీద మా తమ్ముడు ఫేస్‌బుక్‌లో వెటకారంగా రాశాడు. అమ్మవారిని అవమానించాడని ఎవరో ఫిర్యాదు చేశారట. స్టేషన్‌కు రమ్మని ఫోన్ వచ్చింది. లోపలేస్తారా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ఇలాంటి ఫిర్యాదుల మీద మామూలుగా పెట్టేది భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 299. పాత ఐపీసీలో ఇదే 295ఎ, 1927లో చేర్చారు. శిక్ష మూడేళ్ల దాకా ఉంటుంది. నాన్‌బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా రాదు, కోర్టు ఇష్టం. వినగానే భయమేస్తుంది గానీ, సెక్షన్ పూర్తిగా చదవండి. ఎదుటివాళ్ల మనసు నొచ్చుకుంటే చాలదు. నొప్పించాలని దురుద్దేశంతో, కావాలనే మతాన్ని అవమానించి ఉండాలి. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందంటూనే, తెలియకో నిర్లక్ష్యంగానో అన్న మాటలకు ఇది వర్తించదని తేల్చింది. మన అనంతపురం కోర్టులో ధోనీ మీద నడిచిన కేసు గుర్తుందా? ఒక పత్రిక ముఖచిత్రం మీద ఆయన్ను విష్ణుమూర్తిలా చూపించారని పెట్టిన కేసు అది. దురుద్దేశం కనబడలేదని 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

జాతరలో వేషం కట్టి తిట్టడం మొక్కులో భాగమని తిరుపతిలో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. ఆ ఆచారం మీద వెటకారమాడితే కొందరికి ఒళ్లు మండుతుంది, అంతమాత్రాన నేరం కాదు. భక్తులను రెచ్చగొట్టాలని అమ్మవారినే నీచంగా రాసి ఉంటే మాత్రం లెక్క వేరు.

ఇక ఫోన్ సంగతి. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో వెంటనే అరెస్టు చేయనక్కర్లేదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇవ్వొచ్చు. ఫోన్ కాల్, వాట్సాప్ మెసేజ్ నోటీసు కిందికి రావు. కాగితం మీద అడగండి. నోటీసు చేతికి అందిన తర్వాత మాత్రం తప్పకుండా వెళ్లాలి, ఎగ్గొడితే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టు. ఎఫ్ఐఆర్ ఇంకా కాకపోతే, అదే సంహిత 173(3) కింద డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపమని అర్జీ పెట్టండి. మాటలకు సంబంధించిన ఇలాంటి కేసుల్లో ఆ పద్ధతే మేలని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకొకటి, ప్రభుత్వ అనుమతి లేకుండా 299 కేసును కోర్టు విచారణకు తీసుకోకూడదు. మీ వకీలు మొదట చూడాల్సింది ఆ కాగితమే.

పోస్టు తీసేసే ముందు మొత్తం కాపీ చేసి దాచుకోమనండి. అవతలివాళ్ల దగ్గర ఉండేది ముందూ వెనకా కత్తిరించిన స్క్రీన్‌షాట్ కావచ్చు.

ప్రశ్న: మా దేవుణ్ణి పచ్చిబూతులు తిట్టిన వీడియో మా వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కేసు ఎలా పెట్టాలి?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ముందు దాన్ని ఇంకెవరికీ పంపకండి. "చూడండి ఎంత ఘోరమో" అంటూ పది గ్రూపుల్లో వేస్తే రేపు మీరూ జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు. లింకు, ఖాతా పేరు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఆ ఫోన్‌లోంచి వీడియో చెరపకండి. కోర్టులో సాక్ష్యంగా నిలవాలంటే కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియమం) 63(4) కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. చాలామంది ఫిర్యాదులో "మా మనోభావాలు దెబ్బతిన్నాయి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. అది పనికిరాదు. ఏ మాట అన్నాడు, వీడియోలో ఎన్నో నిమిషంలో అన్నాడు, కావాలనే అన్నాడని ఎందుకు అనుకుంటున్నారు, ఇవి ఉండాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు.

ప్రశ్న: తిరుమల కొండ మీద వేరే మతం కరపత్రాలు పంచేవాళ్లను ఆపడానికి మాట్లాడే హక్కు అడ్డు రాదా?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: రాదు. ప్రకటించిన పుణ్యక్షేత్రాల్లో అన్యమత ప్రచారం కూడదని 2007లోనే రాష్ట్రం నిషేధం తెచ్చింది, తిరుమల అందులో ఉంది. కొండ మీద రాజకీయ ప్రసంగాలూ వద్దని 2024లో టీటీడీ పాలకమండలి తీర్మానించింది. మీడియా మైకు కనబడగానే కొందరు నాయకులు ఆ సంగతే మరిచిపోతుంటారు.