జెరాక్స్ మిషన్ ఒకేసారి రెండు మూడు పేపర్లు లాగుతుంటే ఏం చూడాలి?

మేడమ్ గారూ, మీరు అడిగినవి రెండు. మీ హైస్కూల్లో జెరాక్స్ మిషన్ నవంబరు వానల దగ్గర్నుంచి ఒకేసారి రెండు మూడు పేపర్లు లాగుతోంది. మెకానిక్ వచ్చి పికప్ రోలర్, అంటే కట్ట మీంచి కాగితాన్ని ఎత్తే రబ్బరు రోలర్ మార్చినా అలాగే ఉంది, ఇంకేం మార్చాలి అన్నది ఒకటి. అసలు అంత కట్టలోంచి ఒక్క కాగితాన్నే మిషన్ ఎలా తీస్తుంది అన్నది రెండోది. రెండోదానికి జవాబు తెలిస్తే మొదటిదానికి సగం జవాబు దొరికినట్టే. అందుకని అక్కణ్నుంచే మొదలుపెడతాను.

నాకు కందుకూరులో జెరాక్స్ షాపు ఉంది. ఇరవై ఏళ్లు దాటింది. అంతకుముందు ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో సైక్లోస్టైల్ మిషన్ (చేత్తో తిప్పి కాపీలు తీసే పాతకాలం మిషన్) తిప్పేవాణ్ని. పని నేర్చుకుంది అక్కడే.

బ్యాంకులో క్యాషియర్ నోట్లు లెక్కపెట్టేటప్పుడు ఒకసారి గమనించండి. తడి స్పాంజి మీద బొటనవేలు అద్ది పై నోటును లాగుతారు. మిగతా వేళ్లు కింద కట్టను కదలకుండా పట్టుకుని ఉంటాయి. మనం బొటనవేలినే చూస్తాం. కానీ ఆ మిగతా వేళ్లు వదులైతే రెండు నోట్లు కలిసి వచ్చేస్తాయి, లెక్క తప్పుతుంది. జెరాక్స్ మిషన్‌లోనూ అంతే. రబ్బరు రోలర్‌ని కట్ట మీద ఆనించి తిప్పితే పై కాగితం కదులుతుంది, అందులో గొప్పేం లేదు. దాని కింద కాగితాన్ని ఆపడంలోనే ఉంది పనితనమంతా.

లోపల మూడు పట్టులు ఉంటాయి. పైన రోలర్‌కీ కాగితానికీ మధ్య ఒకటి. కాగితానికీ కాగితానికీ మధ్య ఇంకొకటి. కింద నుంచి ఆనుకుని ఉండే సెపరేషన్ ప్యాడ్ అనే గరుకు ముక్కకీ కాగితానికీ మధ్య మూడోది. వీటిలో రోలర్ పట్టు అన్నిటికన్నా గట్టిగా ఉండాలి. కాగితాల మధ్య పట్టు అన్నిటికన్నా తక్కువ ఉండాలి. ప్యాడ్ పట్టు ఆ రెండింటికీ నడుమ ఉండాలి. ఒక్క కాగితమే వెళ్లిందనుకోండి, పైనుంచి రోలర్ లాగుతుంది, కింద ప్యాడ్ ఆపుతుంది, రోలర్ గెలుస్తుంది, కాగితం ముందుకు పోతుంది. రెండు కలిసి వెళితే పైదాన్ని రోలర్ లాగుతుంది. కిందదాన్ని లాగేది పై కాగితం ఒక్కటే, ఆపేది ప్యాడ్. అక్కడ ప్యాడ్ గెలవాలి. గెలిస్తే కింద కాగితం అక్కడే ఆగిపోతుంది.

ఈ వరస మనసులో పెట్టుకుంటే చాలా తప్పులు మిషన్ విప్పకుండానే తెలిసిపోతాయి. రోలర్ అరిగి నున్నబడితే కాగితం ఎత్తదు, అంతేగానీ ఎక్కువ కాగితాలు లాగదు. ప్యాడ్ అరిగితే రెండేసి వస్తాయి. రోలరూ ప్యాడూ రెండూ కొత్తవే అయినా కాగితానికి నెమ్ము ఎక్కితే కాగితాల మధ్య పట్టు పెరిగిపోతుంది, అప్పుడూ రెండేసి వస్తాయి. మీ మిషన్ ఎత్తడం మానలేదు, ఎక్కువ ఎత్తుతోంది. కాబట్టి రోలర్ మార్చినందువల్ల లాభం ఉండదు. చూడాల్సింది ప్యాడ్‌ని, దానికన్నా ముందు కాగితాన్ని.

సైక్లోస్టైల్ మిషన్‌లో ఇవన్నీ కళ్లెదుటే ఉండేవి. హంగరీలో పుట్టి లండన్‌లో స్థిరపడిన డేవిడ్ గెస్టెట్నర్ 1881లో సైక్లోస్టైల్ పెన్నుకు పేటెంట్ తీసుకున్నాడు. కొనకు చిన్న పళ్ల చక్రం ఉండే పెన్ను అది. దాంతో మైనపు కాగితం మీద రాస్తే సన్నటి రంధ్రాలు పడేవి, వాటిలోంచి ఇంకు దిగేది. మా కాలానికి పెన్ను బదులు టైపు మిషన్‌తో స్టెన్సిల్, అంటే ఆ మైనపు కాగితం, కొట్టేవాళ్లం. మా దగ్గరున్న మిషన్‌లో కాగితాల బల్ల మీద రెండు రబ్బరు చక్రాలు ఆనుకుని ఉండేవి. కట్ట ముందు మూలల్ని రెండు రేకు ముక్కలు నొక్కిపట్టేవి. హ్యాండిల్ తిప్పగానే చక్రాలు పై కాగితాన్ని ముందుకు తోస్తాయి, మూలల దగ్గర రేకు అడ్డం. కాగితం మధ్యలో చిన్న గూనిలా లేచి, ఠప్‌మని మూలలు విడిపించుకుని వెళ్లిపోయేది. ఆ గూని లేచే క్షణంలోనే కింద కాగితం దాన్నుంచి విడిపోతుంది. చక్రాల బరువు కొంచెం ఎక్కువ పెడితే కాగితం నలిగేది, తక్కువ పెడితే కదిలేదే కాదు. ఆ నడుమ చోటును వేళ్లతో పట్టుకోవడానికి నాకు నెల పట్టింది. పాత చిన్న కాపియర్లు కొన్నింటిలో ట్రే మూలల్లో కనిపించే రేకు కొక్కేలు చేసేది కూడా ఈ పనే.

పెద్ద మిషన్లలో ప్యాడ్ ఉండదు. దాని బదులు కింద ఇంకో రోలర్ ఉంటుంది, నాకు బాగా ఇష్టమైన ఏర్పాటు అది. పికప్ రోలర్ కాగితాన్ని కదిలిస్తుంది. తర్వాత పైన ఫీడ్ రోలర్, కింద సెపరేషన్ రోలర్, ఆ రెండింటి మధ్యకు కాగితం వెళుతుంది. కింద రోలర్‌ని మోటారు వెనక్కి తిప్పాలని చూస్తూ ఉంటుంది. కానీ దాని ఇరుసు మీద టార్క్ లిమిటర్ అని బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది. కొంత బలం దాకా అది బిగుసుకుని ఉంటుంది, అంతకు మించి లాగితే జారుతుంది. ఒక్క కాగితమే లోపలికి వచ్చినప్పుడు పై రోలర్ బలం ఆ కాగితం ద్వారా కింద రోలర్‌కి పూర్తిగా అందుతుంది, లిమిటర్ జారి కింద రోలర్ కూడా ముందుకే తిరుగుతుంది. రెండు కాగితాలు వచ్చాయంటే వాటి మధ్య పట్టు తక్కువ కాబట్టి లిమిటర్‌ని జార్చేంత బలం కిందికి చేరదు. అప్పుడు కింద రోలర్ వెనక్కి తిరిగి రెండో కాగితాన్ని ట్రేలోకి తోసేస్తుంది. ఇందులో సెన్సార్ లేదు, కంప్యూటర్ లేదు. వచ్చింది ఒకటా రెండా అన్నది ఆ చిన్న ముక్కే తేల్చుకుంటుంది. కొన్ని మిషన్లలో కింద రోలర్‌కి మోటారు ఉండదు, లిమిటర్ బిగువుతో ఊరికే నిలబడి ఆపుతుంది. సూత్రం అదే.

ఇక్కడితో అయిపోదు. విడిగా వచ్చిన కాగితం రిజిస్ట్రేషన్ రోలర్ల దగ్గరికి వెళ్లి, తిరగకుండా నిలబడి ఉన్న ఆ రోలర్లకు తల ఆనించి కొంచెం వంగుతుంది. ఆ వంపులో వంకర సర్దుకుంటుంది. లోపల అక్షరాల అచ్చు పడే గుండ్రటి డ్రమ్ము మీద అక్షరాలు సరైన చోటికి వచ్చిన క్షణంలో రోలర్లు తిరిగి దాన్ని లోపలికి పంపుతాయి. అనుకున్న సమయానికి కాగితం అక్కడికి చేరకపోతే పేపర్ జామ్ అని చూపిస్తుంది. అందుకే చాలాసార్లు కాగితం ఎక్కడా ఇరుక్కోకపోయినా జామ్ లైటు వెలుగుతుంది. రోలర్ అరిగి కాగితం ఆలస్యంగా వచ్చిందని దాని అర్థం.

ఒంగోలులో ఒక ప్రెస్సుకు పని మీద వెళ్లినప్పుడు ఆఫ్‌సెట్ మిషన్ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. అక్కడ రాపిడి మీద ఆధారపడరు. కట్ట పక్కల నుంచి గాలి ఊది పై కాగితాలను వదులు చేస్తారు, పైనుంచి రబ్బరు సక్కర్లు పీల్చి ఒక్కదాన్నే పైకెత్తుతాయి. ఎత్తిన కాగితం ఒక సన్నటి సందు గుండా పోతుంది. రెండు కలిస్తే మందం తేడా పట్టేసి మిషన్ ఆగిపోతుంది. మన కాపియర్లు చాలావాటికి అలాంటి కాపలా లేదు.

ఆ కాపలా లేకపోవడం వల్ల జరిగిందొకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక స్కూలు వాళ్లకి అర్ధసంవత్సర పరీక్షల పేపరు కాపీలు తీశాను. నాలుగు పేజీలు, ఒక్కోటి ఒక్కో కాగితం మీద, మిషనే సెట్లు చేసి ఇస్తుంది. తుఫాను రోజులు, షాపంతా నెమ్ము. మధ్యలో కొన్ని డబుల్ లాగింది. కలిసి వెళ్లిన రెండో కాగితం తెల్లగానే బయటికి వచ్చి సెట్ల మధ్య కూర్చుంది. నేను తొందరలో చూడకుండా నాలుగేసి కాగితాలు తీసి పిన్ను కొట్టేశాను. తెల్లకాగితం కలిసిన చోట సెట్లు జరిగిపోయాయి. ఒక పాపకి మూడో పేజీ తెల్లగా వచ్చింది, నాలుగోది లేనే లేదు. భయపడి చాలాసేపు అడగలేదట. మర్నాడు వాళ్ల మాస్టారు ఆ సెట్టు తెచ్చి నా కౌంటర్ మీద పెట్టారు. పైన పాప పేరు, రోల్ నంబరు గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి పరీక్ష పేపర్లు ఏవైనా సరే, పిన్ను కొట్టే ముందు కట్ట అంచు బొటనవేలితో చరచరా వదిలి చూస్తాను. తెల్లకాగితం ఉంటే ఠక్కున కనిపిస్తుంది. మీరు కూడా పిల్లలకి పంచే ముందు తప్పకుండా అలా చూడండి.

ఇంకో తనిఖీ కూడా ఉంది. రీములో 500 కాగితాలు ఉంటాయి. ఖాళీ ట్రేలో కొత్త రీము పెట్టినప్పుడు మిషన్ కౌంటర్ అంకె రాసుకోండి. 480 కాపీలకే కాగితం అయిపోయిందంటే ఇరవై కాగితాలు అదనంగా కలిసి వెళ్లాయన్నమాట.

ఇక కాగితం సంగతి. మన వైపు పొగాకు పండించే వాళ్లకి పదును అంటే, అదే ఆకులో ఉండే చెమ్మ అంటే, చెప్పక్కర్లేదు. ఆకుకి పదును లేకపోతే పట్టుకోగానే పొడైపోతుంది. కాగితానికి మాత్రం ఆ పదునే గండం. చెమ్మ పీల్చుకుని మెత్తబడుతుంది, ఒకదానికొకటి అతుక్కుంటుంది, అంచులు అలలు తిరుగుతాయి. రీము కవరు లోపల చెమ్మ చొరకుండా పూత ఉంటుంది, ఊరికే చుట్టింది కాదు. వానాకాలంలో సగం రీము వాడి మిగతాది ట్రేలో వదిలేసి వెళ్లకండి. కవర్లో చుట్టి బీరువాలో పెట్టండి. రీములను గచ్చు మీద పెట్టకండి, కింద చెక్క వేయండి. మే నెలలో కనిగిరి, పొదిలి వైపు ఎండలకి ఇంకో రకం తంటా వస్తుంది. గాలి పొడిబారి కాగితాలకి స్టాటిక్ కరెంటు ఎక్కుతుంది, అప్పుడూ అతుక్కుంటాయి. ఒకవైపు కాపీ తీసిన కాగితాల్ని తిప్పి మళ్లీ ట్రేలో పెట్టేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది.

చవగ్గా వస్తుందని విడిగా కోసి అమ్మే కాగితం కొంటే అంచులు చూడండి. మొద్దుబారిన కత్తితో కోస్తే అంచు దగ్గర కాగితాలు ఒకదాంట్లో ఒకటి నొక్కుకుని ఉంటాయి. ఏ ప్యాడూ వాటిని విడదీయలేదు. కట్టను రెండు చేతులా పట్టుకుని వంచి, అంచులు విసనకర్రలా విప్పుకునేలా విదిలించి, నాలుగు వైపులా తట్టి పెట్టండి. మరీ పల్చటి కాగితం కూడా రెండేసి పోతుంది. 75 జీఎస్ఎం (చదరపు మీటరుకి 75 గ్రాములు తూగే కాగితం) ఏ4 రీము దాదాపు 2.3 కిలోలు తూగుతుంది, అనుమానం వస్తే తూకం వేసి చూడండి. ట్రేలో గీత దాటి నింపకండి. పక్క గైడ్లు కాగితానికి తాకీ తాకనట్టు ఉండాలి.

ప్యాడ్ ఎక్కడుందంటే, చిన్న మిషన్లలో ట్రే బయటికి లాగితే ముందు అంచున మధ్యలో, రోలర్ కిందికి వచ్చే చోట, గోధుమరంగులోనో నల్లగానో చిన్న చతురస్రంలా ఉంటుంది. వేలితో రాసి చూడండి. గరుకుగా పట్టుకోవాలి. అద్దంలా మెరుస్తూ వేలు జారిపోతోందంటే కాగితపు దుమ్ము పేరుకున్నట్టు, లేదా అరిగినట్టు. మిషన్ ఆపేసి, నూలు రాలని గుడ్డను నీళ్లలో తడిపి గట్టిగా పిండి తుడవండి, ఆరాక వాడండి. పెట్రోలు, థిన్నర్ మాత్రం తాకించకండి. నేను మొదట్లో పెట్రోలుతో తుడిచి ఒక మంచి రోలర్ పాడుచేశాను. రబ్బరు ఉబ్బి గుండ్రం పోయింది, మార్చాల్సే వచ్చింది. కొందరు గరుకు కాగితంతో రుద్దుతారు. రెండు మూడు రోజులు బాగానే పని చేస్తుంది, తర్వాత ఇంకా త్వరగా అరిగిపోతుంది.

ప్యాడ్ కనిపించకపోతే మీది రెండు రోలర్ల రకం. మెకానిక్ వచ్చినప్పుడు సెపరేషన్ రోలర్‌ని బయటికి తీయించి, ఇరుసు కదలకుండా పట్టుకుని రోలర్‌ని వేలితో తిప్పి చూడమనండి. సమానంగా బిగువుగా తిరగాలి. బొంగరంలా ఊరికే తిరిగేస్తుంటే లిమిటర్ పోయినట్టు, చాలా మిషన్లకి అది ఒక్కటీ విడిగా దొరుకుతుంది. యూనిట్ మొత్తం మార్చాలని ఎవరైనా అంటే ముందు ఈ పరీక్ష చేయించండి.

పరీక్షలు దగ్గరికొచ్చాయి కాబట్టి వరసగా ఇలా చేయండి. ముందు ఏమీ తుడవకుండా, కొత్త రీము అప్పటికప్పుడు విప్పి, విదిలించి, ఖాళీ ట్రేలో పెట్టి వంద కాపీలు తీయండి. డబుల్ ఆగిందంటే తప్పు పాత కాగితానిది. ఆగకపోతే ప్యాడ్ తుడిచి ఇంకో వంద తీయండి. అప్పటికీ వస్తుంటే ప్యాడ్ మార్పించండి. మెకానిక్ తీసిన పాత పికప్ రోలర్ మీ దగ్గరే ఉంటే పారేయకండి. గరుకు ఇంకా మిగిలి ఉంటే తుడిచి కవర్లో దాచుకోండి, పనికొస్తుంది.