1987 మక్కా ఘర్షణ వల్లే ఇరాన్ హజ్‌కి జనాన్ని పంపడం ఆపేసిందా?

అవును, 1988 నుంచి 1990 దాకా మూడేళ్లు ఇరాన్ నుంచి యాత్రికులు వెళ్లలేదు, దానికి మూలం 1987 జులై 31న మక్కాలో జరిగిన రక్తపాతమే.

అప్పటి ఇరాన్ సుప్రీం నేత ఖొమేనీ పిలుపుతో ఇరానీలు హజ్ సమయంలో అమెరికాకి, ఇజ్రాయెల్‌కి వ్యతిరేకంగా నినాదాలిస్తూ ఊరేగింపు తీసేవాళ్లు, సౌదీకేమో హజ్‌లో రాజకీయం అస్సలు గిట్టదు. ఆ రోజు మస్జిదుల్ హరామ్ (కాబా ఉన్న మక్కా పెద్ద మసీదు) వైపు వెళ్తున్న ఊరేగింపుని పోలీసులు అడ్డుకున్నారు, గొడవ ముదిరింది. సౌదీ లెక్క ప్రకారం 402 మంది చనిపోయారు, అందులో 275 మంది ఇరానీలు. కాల్పులు జరిపారని ఇరాన్, లేదు తొక్కిసలాటే అని సౌదీ. ఈ పేచీ ఇంకా తేలలేదు. మర్నాడే టెహ్రాన్‌లో జనం సౌదీ ఎంబసీ మీద పడ్డారు, ఒక సౌదీ దౌత్యవేత్త ప్రాణం పోయింది. 1988 ఏప్రిల్‌లో సౌదీ సంబంధాలు తెంచుకుంది.

దెబ్బ ఎక్కడ తగిలిందో కోటాలో కనిపిస్తుంది. పది లక్షల ముస్లిం జనాభాకి వెయ్యి మంది యాత్రికులు అనే లెక్క 1988లోనే వచ్చింది (ఇప్పటికీ దేశాల కోటాలకి అదే ఆధారం). దాంతో అంతకుముందు లక్షన్నర దాకా వచ్చే ఇరానీలకి 45,000 మాత్రమే ఇస్తామన్నారు, ఇరాన్ ఒప్పుకోలేదు. 1991లో సంబంధాలు కుదిరాకే మళ్లీ వెళ్లారు.

చాలామంది దీన్ని 1979లో సాయుధులు ఇదే మసీదుని ఆక్రమించిన ముట్టడితో కలిపేస్తారు. అది వేరు: అది చేసింది సౌదీ తీవ్రవాది జుహైమాన్ ముఠా, అదీ హజ్ ముగిశాక.