లైబ్రరీలు ఎన్ని రకాలు? బెజవాడలో మామూలు పాఠకుడు దేనికి వెళ్లాలి?
నాలుగు రకాలనుకోండి: పౌర (అంటే అందరికీ తెరిచి ఉండేవి), విద్యాసంస్థల, ప్రత్యేక, జాతీయ. కాలేజీ లైబ్రరీ మామూలుగా ఆ కాలేజీ వాళ్లకే. ప్రత్యేకమంటే లాయర్లకో, డాక్టర్లకో ఉద్దేశించినవి. ఇక కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికైతే, దేశంలో వేసిన ప్రతి పుస్తకం ఒక కాపీ పంపాలని 1954 చట్టం.

మీకు కావాల్సింది పౌర గ్రంథాలయం. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది ఈ ఊళ్లోనే మరి! పౌర గ్రంథాలయాలైన జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖల్లో కూర్చుని చదవడం ఉచితం అంటారు గానీ, ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతున్నదే. వసూలైన సెస్సు సంస్థకు చేరడం ఆలస్యమైతే ముందు దెబ్బ కొత్త పుస్తకాల మీద పడుతుంది.

పుస్తకం వెతికేటప్పుడు వెన్ను మీది చీటీ చూడండి. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు వేసే డ్యూయీ పద్ధతి వాడే చోట 894.827 అంటే తెలుగు సాహిత్యం. దాని కింది అక్షరాలు సాధారణంగా రచయిత పేరువి. చూసిన పుస్తకాన్ని మీరే అరలో సర్దకండి, బల్ల మీద వదిలేయండి. చోటు తప్పిన పుస్తకం కేటలాగులో కనిపిస్తుంది, చేతికి మాత్రం దొరకదు.